తల కొలత

తొంభై ఒకటి, మే నెల, గుంటూరు.
తారురోడ్డు చెప్పుల్ని పట్టుకుని వదలని మధ్యాహ్నం
మా అమ్మావాళ్ళు ఉన్ని టోపీలు అల్లుతున్నారు.

నవ్వకండి.
తెల్లారుజామున యార్డుకెళ్ళి
బస్తాల మధ్య కూర్చుని ముచ్చికలు తీసొచ్చిన చేతులవి.

సలోమి టీచరు ఏదో మీటింగు నించి కాయితం తెచ్చింది.
ఊరి పేరు చదవబోయి రెండుసార్లు ఆగింది.
"చెర్నోబిల్."
"కరెంటు బిల్లా?" అంది అంకమ్మ.
"కరెంటు కోసం కట్టిందేలే.
బిల్లు మటుకు పిల్లలు కడతన్నారు."

ఐదేళ్ళయిందట పేలి.
ఇంకా ఆసుపత్రుల్లో పిల్లలు, జుట్టు రాలిపోయి.
"ఘాటొస్తదా ఆ గాలి?" మీరాంబీ అడిగింది.
మాకు తెలిసిన విషగాలి అదొక్కటే,
కంటికి ఆనకపోయినా, బస్తా దులిపితే
వీధి చివరి కుక్క కూడా తుమ్మి చెబుతుంది.
"రాదు. వాసనుండదు, మంటుండదు."
"తుమ్ము?"
"తుమ్ము కూడా రాదు."
కాసేపు ఎవరూ మాట్లాడలా.

"చలెంత ఉంటది?"
"కోల్డ్ స్టోరేజి తలుపు తీస్తే మొహాన కొడతది చూడు, అట్టా.
ఐదు నెలలు. తలుపు మూసేవాడుండడు."

బ్రాడీపేట కొట్లో మే నెలలో ఉన్ని అడిగితే
కొట్టాయన మమ్మల్ని ఎగాదిగా చూసి
పోయిన చలికాలం మిగిలినవి దించాడు,
కనకాంబరం రంగు, ముదురు వంగపండు, ఎవరూ కొనని ఆకుపచ్చ.
మనిషికి వారానికి రెండు రూపాయలు.
"మన పిల్లలకి చెప్పుల్లేవు గానీ" అన్నాడు మేస్త్రీ.
"తుఫానప్పుడు దుప్పటి కప్పుకున్నావుగా,
దాని మీదున్న అక్షరాలు చదివావా?" అంది మీరాంబీ.
ఆయన బీడీ ముట్టించుకోడానికి అవతలికి పోయాడు.

కొలతలు కాయితంలో లేవు.
ఏడేళ్ళ తల ఎంతుంటుంది?
నన్ను పిలిచారు. పురికొస నా నుదుటి చుట్టూ తిప్పి ముడేశారు.
"దీనికి జుట్టు ఒత్తు. రెండు కుట్లు తగ్గించండే" అంది దానమ్మ.
అని, నాలుక్కరుచుకుంది.

అసలు పేచీ చేతులతో వచ్చింది.
మా కంట్లో నలక పడితే
పక్కింటావిడని కేకేయాల్సిన చేతులు.
చంటిదాన్ని ఎత్తుకునే ముందు
కొంగు చుట్టుకోవాల్సిన చేతులు.
ఆ ఘాటు ఉన్నిలోకి దిగితే?
బోడితల మీద కూర్చుంటే?
మజ్జిగతో కడిగారు. బూడిదతో తోమారు.
కొబ్బరినూనె రాసి, ఉన్ని జిడ్డవుతుందని
మళ్ళీ సబ్బుతో.
అల్లడం పూర్తయిన ప్రతి టోపీనీ మా అమ్మ
కనురెప్పకి ఆనించుకుని లెక్కపెట్టేది, పది దాకా.
మండితే ఉతికి ఆరేసేది. ఆరాక మళ్ళీ రెప్పకి.
ఆ నెలంతా అమ్మ కళ్ళు ఎర్రగానే ఉన్నాయి.
యార్డులో అడిగితే కళ్ళకలక అని చెప్పింది.

ముప్ఫైఒక్క టోపీలు.
పార్సిలు మీద టీచరు ఇంగ్లీషులో అడ్రసు రాసింది,
కింద దానమ్మ తెలుగులో రాయించింది, జాగ్రత్త అని.

రశీదు వచ్చింది. ఉత్తరం రాలేదు.
ఆ ఏడు చివర్లో ఆ దేశమే లేకుండా పోయిందని పేపర్లో పడితే
"దేశం పోయినా వీధి ఉంటదిలే" అంది అంకమ్మ.
చేరాయో లేదో.
చేరితే, ఎవరి తలకి పట్టాయో.
మండిందా అని అడగడానికి
ఆ భాషలో మాట నాకు రాదు.

మొన్న లక్ష్మీపురంలో హెల్మెట్ కొంటుంటే
కుర్రాడు టేపు తీసి, "సైజెంత మేడమ్?" అన్నాడు.
చూసి చెప్పాడు కూడా.
"కాదు," అన్నాను, ఎందుకన్నానో,
"రెండు కుట్లు తగ్గించు."