గనిలో పనిచేసొచ్చిన కార్డు

ఒంగోల్లో, కర్నూలు రోడ్డు మీద
మెట్ల కింద దుకాణం ఖాజావలిది.
గాజుబల్ల మీద కార్డు పెట్టి
దాచకుండా చెప్పేశాడు:
"అన్నా, ఇది మైనింగులో తిరిగిన సరుకు.
రెండేళ్లు రాత్రీ పగలూ నడిచింది.
అందుకే పద్నాలుగు వేలు."

మైనింగనగానే నవ్వొచ్చింది.
చీమకుర్తి క్వారీలో నాకు పదకొండేళ్లు,
వైరుసా మిషను మీద.
దీన్ని ఏ గనిలోకి దించారబ్బాయా అంటే
"కంటికి కనపడని గని అన్నా, లెక్కలు తవ్వుతారు.
పడితే నాణెం పడుద్ది,
లేకుంటే కరెంటు బిల్లు పడుద్ది" అన్నాడు.

ఉఫ్‌మని ఊదాను.
ఫ్యాను రెక్కల సందుల్లోంచి దుమ్ము లేచింది.
మాది తెల్లదుమ్ము, దీనిది నల్లది.
ఎప్పుడన్నా ఎక్స్‌రే తీయించుకున్నావా తమ్ముడూ
అని అడగబోయి, షాపువాడున్నాడని ఊరుకున్నా.

పాత బనీనులో చుట్టి ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను.
పేర్నమిట్ట దాటేదాకా గతుకు గతుక్కీ
రెండు చేతులూ అడ్డం.
పక్కసీటు పెద్దామె పసిబిడ్డేమోనని తొంగిచూసి
మూతి తిప్పుకుంది.

ఇంటికొచ్చాక తేలింది,
డబ్బాకంటే కార్డు రెండువేళ్లు పొడుగు.
రాయి కోసేవాడికి రేకొక లెక్కా!
లోపలి అరని ఆక్సా బ్లేడుతో కోస్తుంటే
టార్చి పట్టుకున్న మాలకొండయ్య మామ
"చిన్న బొక్క కొట్టి మందు దట్టిస్తే పోలా" అంటాడు.
పాత కార్డు ఊడొచ్చింది, అగ్గిపెట్టెకి అన్నలా.
ఇన్నాళ్లు ఆ యుద్ధాలన్నీ ఎట్టా మోసిందో పాపం.

ఎండి పెచ్చుకట్టిన పేస్టు గోకేసి
బియ్యపుగింజంత కొత్తది పెట్టాను.
అంతా అయ్యాక చూస్తే
డబ్బాలో ఉన్నది ఆరు పిన్నుల వైరు,
కార్డు నోరు తెరిచింది ఎనిమిదికి.
మళ్లీ ఒంగోలు. మళ్లీ ఖాజావలి.
పవర్ సప్లై, ఇంకో రెండువేల ఎనిమిదొందలు.

శిరోమణి ఏమీ అనలేదు.
పాల లెక్క రాసే క్యాలెండరు వెనక
'కుట్టుమిషను మోటారు' అని ఉన్నచోట కొట్టేసి
'గేము డబ్బా' అని రాసింది.
తిట్టినా బాగుండేది.

రాత్రి పదకొండుకి తెర వెలిగింది.

ఇదివరకు నీడలు ఆపి, గడ్డి ఆపి,
నీళ్లు కూడా ఆపేసి ఆడేవాణ్ణి.
కొండంటే మట్టిరంగు అట్టముక్క.
ఇప్పుడు అన్నీ పైకి పెట్టి లోపలికి పోయాను.
తుపాకి భుజానేసుకుని
శత్రువు సంగతి మర్చిపోయి
నేరుగా కొండ దగ్గరికి నడిచాను.

పగులు పగులుకీ వేరే నీడ.
వాన తడిసినచోట ఒక నలుపు, ఆరినచోట ఇంకో నలుపు.
ఒరిపిడి ఎటు పోతుందో చెయ్యి పెట్టకుండానే చెప్పగలను.
చుట్టూ తిరిగి వెతికాను,
ఎక్కడా డ్రిల్లు గాటు లేదు.
నంబరేసిన ఎర్రరంగు లేదు.
ఎవరూ వేలం పాడని కొండ.

మా రామతీర్థం దిక్కున
పైకి చూడాల్సిన చోట కిందికి చూడటం
అలవాటై ఎన్నేళ్లయిందో.

అంతలో వెనకనుంచి ఎవడో కాల్చాడు.
చచ్చిపోయాను.

"పదహారువేల ఎనిమిదొందలు పోసి
ఏంది నువ్వు చూసేది?"
"రాయి."
ఆమె ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూచుంది.
కాసేపటికి,
"ఆ పచ్చగడ్డి ఊగుతుండాదే, అది మునుపు లేదు కదా" అంది.
లేదు.

కార్డు వేడి డెబ్బై ఎనిమిది.
దూరంగా కంప్రెసర్ నడిచినట్టు రొద.
టేబుల్ ఫ్యాను దాని వైపు తిప్పాను,
మా ఇద్దరికీ చెమటలు.
పొద్దున ఆరింటికి నాకు షిఫ్టు.

నిదానంగా గీయి తమ్ముడూ,
ఇక్కడ తవ్వే పని లేదు.