ఎక్కడెక్కడ ఆగాలంటే

కరెంటు బిల్లు వెనకాల రాశాడు ఎలాదియో:
మల్పీకా, ఎనిమిదీ ఇరవై.
లాషె, తొమ్మిదీ అయిదు.
కమారిన్యాస్, పదీ నలభై.
ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్సు తిప్పిన చెయ్యి
షికారుక్కూడా టైం టేబులే వేస్తుంది.

నేను లేసు అల్లే దిండు తెచ్చాను,
దాని మీద కోస్తా మ్యాపు పరిచాను.
గుండుసూదులు పళ్ళ మధ్య పెట్టుకుంటే
నా మాట అతనికి సగమే అర్థమవుతుంది.
ఒక్కోసారి ఆ సగమే చాలు.

మా అమ్మ కమారిన్యాస్ మనిషి.
దారం గురించి బెంగపడకే అనేది,
అది ఎలాగూ పోతూనే ఉంటుంది,
సూది గుచ్చిన చోటే కాస్త నిలుస్తుంది.
కొనేవాళ్ళు మురిసిపోయేది దారాన్ని చూసి కాదు,
అది చుట్టొచ్చి వదిలేసిన సందుల్ని చూసి.

మొదటి సూది మల్పీకా రేవులో.
పడవలొచ్చి, వేలం కేకలు అణిగి,
వలలు ఆరేసి మనుషులు ఇళ్ళకు పోయాక.
గోడవార బెంచీ మీద
సార్డీన్లు పెట్టిన రొట్టె.
"ఎంతసేపు?"
రొట్టె అయ్యేదాకా.
"అయ్యాక?"
చేతులు కడుక్కునేదాకా.
అతను ఎనిమిదీ ఇరవై కొట్టేశాడు,
పక్కన ఏమీ రాయలేదు.

రెండోది లాషెలో, గాజు పెంకుల ఒడ్డున.
ఎవరెవరో పగలగొట్టిన సీసాల్ని
సముద్రం నున్నగా నూరి పెట్టిందక్కడ,
ఆకుపచ్చవీ, తేనెరంగువీ.
నేను చెప్పులు విప్పుతాను,
నువ్వు మేజోళ్ళు కూడా.
ఏళ్ళ తరబడి క్లచ్చి తొక్కిన ఎడమకాలు
ముందు తడవాలి.

మూడోది విలాన్ దీపస్తంభం కింద.
అక్కడి గాలికి కారు తలుపు తెరిస్తే ఊడి చేతికొస్తుంది.
అద్దాలెత్తుకుని ఫ్లాస్కులో కాఫీ తాగి
ఓ కునుకు తీద్దాం.
"కునుక్కోసం అంత దూరమా?"
ఇంట్లో నీ గురక వినిపిస్తుంది.
అక్కడ వినిపించదు.

ముషీయలో నడుంనొప్పి రాయి ఉంది కదా,
దాని కింద తొమ్మిదిసార్లు దూరితే పోతుందంటారు.
"మూడోసారికి ఇరుక్కుపోతే?"
ఇరుక్కో. పక్కన కూచుని అల్లుకుంటాను.
సూది గుచ్చాను.

ఫిస్తెర్రా దగ్గర అతనే నా చెయ్యి పట్టుకున్నాడు.
భూమికి కొసమొదలని
జనం భుజాన మూటలతో, బొబ్బలెక్కిన కాళ్ళతో
నెలల తరబడి నడిచొస్తారక్కడికి.
అతనికి మాత్రం బస్సు తిప్పుకునే చోటు,
ఒక సిగరెట్టు, ఏడు నిమిషాలు.
"ఇక్కడ వద్దు దోసీందా, నాకు తెలిసిందే."
తెలిసింది తిప్పుకోవడమేగా.
ఈసారి అక్కడే పడుకుందాం.

చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత, బిల్లు కాగితాన్ని మడుస్తూ,
పోయేటప్పుడు సముద్రం కుడివైపుండేది అన్నాడు,
ప్రయాణికుల తలకాయల సందుల్లోంచి కొంచెం కొంచెం.
వచ్చేటప్పుడు నా కిటికీ వైపే,
కానీ అది ఆఖరి బస్సు, చీకటి.
చప్పుడు తప్ప నేనేం చూడలేదు.

ఒకే కప్పు కింద ఇన్నేళ్ళు,
ఈ ముక్క ఇవాళ విన్నాను.
రోజూ సముద్రం చూసొస్తాడని
ఎన్నిసార్లు కుళ్ళుకున్నానో.

అయితే కారు నేను తోలుతాను.
ఉషీయ తన బండి ఇస్తానంది, లైసెన్సు నాకూ ఉంది,
యాభై ఎనిమిదో ఏట తెచ్చుకున్నాను,
రెండు స్తంభాలు గీసుకున్నాయి, అంతే.
నువ్వు కుడివైపు కూచో,
కిటికీ దించుకుని.

అతను తలూపాడు, ఇష్టంగానో భయంగానో.
నేను మ్యాపు మీద మలుపు మలుపుకీ వేలు జరుపుతుంటే
బల్ల కింద అతని కుడికాలు
నేల మీద గట్టిగా
బ్రేకు తొక్కుతోంది.