పదమూడో చానెల్

చిత్త కార్తెలో పడిన పిడుగు
ఆదోని పత్తి యార్డులో రెండు వైఫై పెట్టెల్ని మింగింది,
మూడో షెడ్డుదొకటి, ఏడో షెడ్డుదొకటి.
కమీషన్ మండీ నాగేంద్రశెట్టి
బెంగళూరులో పాత సామాన్ల సందుకు పోయి
గోతంలో వేసుకుని వచ్చినాడు:
రెండు పెట్టెలు, బార్‌కోడ్ చదివే నాలుగు గన్నులు.
"అదే కంపెనీ, అదే తెలుపు. ఎక్కించమ్మా."

నిచ్చెన పట్టుకున్నోడు ఉరుకుందు.
పైన నేను, రేకు వేడికి మోచెయ్యి చుర్రుమంటా.
పెట్టెను వెల్లకిలా తిప్పితే
మోడల్ నంబరు చివర ఒక్క అక్షరం తేడా.
అమెరికా గాలికని చేసిన పెట్టె.
మార్చే గడి ఉంది లోపల, కానీ బూడిదరంగులో ఉంది.
నొక్కితే పలకదు.

కంట్రోలర్‌కు మాత్రం నేనెప్పుడో రాసిపెట్టినా:
దేశం, ఇండియా.
పాతవి ఆరూ పచ్చగా కూచున్నాయి.
కొత్తవి రెండూ గడప దాటనియ్యని చుట్టాల్లా
ఎర్రగా, ఆరుతా వెలుగుతా.

అప్పుడు నేనొక పాడుపని చేసినా.
వాటిని వేరుకాపురం పెట్టించి
అదే పేరు, అదే పాస్‌వర్డ్ ఇచ్చినా.
బయటోళ్లకు ఒకే ఇల్లనిపించాలని.
శెట్టి టీ తెప్పించినాడు.
రెండు గుక్కలు తాగినానో లేదో
నాలుగో షెడ్డు నుంచి కేక.

నాలుగో షెడ్డులో పెట్టె బాగానే ఉంది.
నా ఫోనుకు నాలుగు గీతలూ నిండుగా.
కొత్త గన్నుకు మాత్రం
అక్కడ గాలే లేదు.

సిరుగుప్ప నుంచి ట్రాక్టరేసుకొచ్చిన హంపమ్మ
తన రాశి మీద చెయ్యేసి నిలబడింది.
చుట్టూ అన్ని రాశులకూ టెండర్ పడింది,
ఆమెది జాబితాలోనే లేదు.
"యాకమ్మా, నన్నదు యాకె బరలిల్ల?"
ఉరుకుందు తెలుగులో సముదాయించినాడు,
హమాలీ బడేసాబ్ ఉర్దూలో శెట్టిని తిట్టినాడు,
ఆమె కన్నడంలో ఇద్దరికీ బదులు చెప్పింది.
ఎవరికీ ఎవరి మాటా ఆగలేదు.

నేను నేల మీద కూచుని ల్యాప్‌టాప్ తెరిచినా.
పదమూడు.
పోయినేడు నేనే పెట్టినా.
ఒకటిలో హోటలోడు, ఆరులో సెల్లు పాయింటు,
పదకొండులో అందరూ.
ఖాళీగా ఉందని పదమూడో చానెల్‌కు పోయినా,
ఎండాకాలం చెరువులోపల సాగు చేసినట్టు.
మన దేశంలో తప్పు కాదది.
కానీ గోతంలో వచ్చిన గన్నులకు
లెక్క పదకొండుతో సరి.
పన్నెండు అనే అంకె వాటికి ఎవరూ చెప్పలే.

పొద్దుటి నుంచీ కొత్త పెట్టెల్ని తిట్టుకుంటుంటినే,
మూగబోయింది నాది.
కాదు, నాది అరుస్తానే ఉండింది.
ఇంకో ఊరి చెవి
ఆ స్థాయిలో విననని ఎవరికో మాటిచ్చి వచ్చింది.

పదకొండుకు దించినా.
హోటలోడి మిక్సీ, పిల్లోల గేములు, లాడ్జి, బ్యాంకు,
అందరి మధ్యకీ తోసి నిలబెట్టినా.
నిదానం. అయినా గన్ను "కీ" మంది.
హంపమ్మ రాశికి నంబరొచ్చింది, రెండువందల పదిహేడు.

సాయంత్రం ఆ రెండు పెట్టెల్నీ నేనే విప్పినా.
శెట్టి మొహం చూడలే.
"పనిచేస్తాండె కదా!"
"చేస్తాండె శెట్టీ. ఈడ చెయ్యగూడదు."
గాలికి కూడా కాయిదాలుంటాయని
ఆయప్పకు ఎట్ల చెప్పేది?
తూనికల చీటీల మీద బరువు పెట్టుకున్నాడు ఒకదాన్ని.

మూడు, ఏడు షెడ్లకు ఇండియా పెట్టెలు వచ్చేదాకా
ఉరుకుందు గొంతే నెట్‌వర్కు.
నంబరు అరిస్తే చాలు,
ఆ చివర బడేసాబ్ అందుకుని ఇంకోసారి అరుస్తాడు.
ఈ రోజు మటుకు ఒక్క నంబరే తప్పు పోయింది,
అదీ నేను రాసుకోవడంలో.

మెట్లు దిగుతాంటే
దూది నా జడకు అంటుకుంది.
ఏ రాశిదో.
దులిపితే గోడ దాటి
బళ్లారి రోడ్డు పక్కకు పోయింది.