రివర్సు గేరు

నాంపల్లి పార్సెల్ ఆఫీసులో
గుమాస్తా కళ్ళద్దాలు పైకి తోసి అడిగాడు:
"ఇవేంది మేడం, తలుపు చెక్కలా?"
"కాళ్ళకు కట్టుకునేవి" అన్నాను.
రసీదులో 'చెక్కలు, రెండు' అని రాసుకున్నాడు.

ఔలిలో ఐదు రోజులు, మరుసటేడు ఇంకో ఐదు.
నా స్కీయింగు మొత్తం కూడితే
దసరా సెలవులంత.
వాలులో పడకుండా దిగడం వచ్చింది,
మలుపు వచ్చింది, ఆగడం వచ్చింది.
ఆఖరి రోజు నా పక్కనుంచి ఒక పిల్లాడు
గాల్లోకి లేచి, సగం తిరిగి,
వెనక్కి దిగి, అలాగే జారిపోయాడు
మన మొహం చూస్తూనే
గుమ్మం దాటే చుట్టంలా.
అప్పట్నించీ నిద్రలో నా మడమలు తిరుగుతున్నాయి.

నాకు నలభై రెండు.
మలక్‌పేటలో ఎక్స్‌రేలు తీస్తాను.
విరిగిన ఎముక ఎలా ఉంటుందో
వెలుతురు పెట్టె మీద రోజూ చూస్తాను.
అందుకే చెక్కల కన్నా ముందు హెల్మెట్ కొన్నాను.

చాదర్‌ఘాట్‌లో మూతపడ్డ ఫుట్‌బాల్ టర్ఫును
గజాల లెక్కన అమ్ముతుంటే తెచ్చి
డాబా మీద పరిచాను.
ట్యాంకు దిమ్మె నుంచి ప్లైవుడ్డు దించి
బట్టల సబ్బు నీళ్ళు చల్లాను.
అది నా కొండ. ఎత్తు నాలుగడుగులు.
మంచు కాలం: ఆదివారాలు, ఎండ ఎక్కకముందు.

మొదటి పాఠం ఎగరడం కాదు, కుంగడం.
సీటు దొరకని సిటీ బస్సులో నిలబడ్డట్టు
మోకాళ్ళు వదులుగా, బరువు పాదాల నడిమధ్యన.
తర్వాత ఉన్నచోటే గెంతు.
రెండు చెక్కలూ ఒక్కసారే లేవాలి,
ఒక్కసారే దిగాలి.
నావి ఒకదాని వెనక ఒకటి దిగేవి,
ధబ్,
ధబ్,
అద్దె కోసం ఓనరు తలుపు తట్టినట్టు.

కింది పోర్షన్ విఠల్‌రావు గారు పైకొచ్చారు.
"ఏం దంచుతున్నవమ్మా? నా ఫ్యాను ఊగుతున్నది."
చూశారు. చెక్కలు, హెల్మెట్టు, నురగ.
అడగాల్సింది ఏదీ అడగలేదు.
పిట్టగోడకు ఆనుకుని బీడీ వెలిగించారు.

ముప్ఫై ఒక్కేళ్ళు ఆర్టీసీ స్టీరింగు.
ఇమ్లీబన్‌లో బెత్తెడు సందులోకి
బస్సును వెనక్కి పెట్టిన మెడ అది.
నేను వెనక్కి జారబోతూ
పాదాల వంక చూసుకుని చతికిలబడితే
"కిందికెందుకు చూస్తవ్? టైర్లు యాడికి పోవు.
పోవాల్సిన జాగ చూడు.
ఒక్క భుజం మీదికెల్లి చూడు.
ఇటొకసారి అటొకసారి చూస్తే
బండి పాములెక్క పోతది."

ఇదే మాట ఔలిలో నేగీ మాస్టారు హిందీలో చెప్పాడు.
అప్పుడు చెవికి ఎక్కింది.
ఇప్పుడు నడుముకు ఎక్కింది.

నాలుగు వారాలు ఆయనే పైపు పట్టారు.
"రైట్, రైట్, రైట్... హోల్డాన్!"
పక్క డాబా మీద హాజిరా పిల్లలు
నేను పడ్డవి వేళ్ళ మీద లెక్కపెట్టి
వేళ్ళు చాలక తమ్ముణ్ణి పిలుచుకున్నారు.

వెనక్కి జారడం వచ్చింది. సగం తిరుగుడు రాలేదు.
తొంభై దగ్గరే ఆగేదాన్ని,
రోడ్డుకు అడ్డంపడ్డ ఆటోలా.
తల తిరిగేది, భుజం తిరిగేది,
తుంటి మాత్రం సర్కారు ఫైలు.
బొంగరానికి తాడు ముందే చుడతారని,
విసిరాక కాదని
తెలిసేసరికి ఎడమ మోచేయి చెక్కుకుపోయింది.

ఐదో ఆదివారం ఆయన కరీంనగర్‌లో ఏదో పెళ్ళికి పోయారు.
పిల్లలింకా లేవలేదు.
దిమ్మె ఎక్కాను. చేతులు కుడికి చుట్టాను.
జారాను, ఎడమకు విడిచాను.

గాల్లో పెద్దగా ఏమీ లేదు.
ఒక డిష్ యాంటెన్నా, మెట్రో స్తంభాలు,
ఎవరివో ఆరేసిన పంచెలు.
తర్వాత ధబ్.
ఒకటే.

ఎదురుగా నా కొండ, నురగతో సహా,
నా నుంచి దూరమవుతోంది.
హోల్డాన్ అనేవాళ్ళు లేక
పిట్టగోడకు కట్టిన పాత పరుపులోకి
వీపుతో వెళ్ళి గుద్దుకున్నాను.

ఫోన్ చేస్తే అటు బ్యాండు మోత.
"తిరిగిన సార్!"
"కిందికి చూసినవా?"
"లేదు."
"అయితే ఇంకోపారి కొట్టు.
ఒక్కపారి అందరికైతది."