రెండంగుళాలు

పెట్టె కొన్నది నేనే.
కొలవకుండా కొన్నదీ నేనే.
తెల్లరాతి పలక, మూడు సొరుగులు, లోతైన బేసిన్.
అల్గోమా వీధి కొట్టులో సగం ధరకి దొరుకుతుంటే
గోడలో పైపు ఎక్కడుందో ఎవరికి గుర్తొస్తుంది?

పాత సింకు ఊడదీశాక తెలిసింది.
కొత్త బేసిన్ కింద వంపు గొట్టం
గోడలోని పైపు నోటికన్నా
రెండంగుళాలు దిగువన వేలాడుతోంది.
నీరు పల్లమెరుగు అంటారు.
నా స్నానాలగదిలో దాన్ని గట్టెక్కమని బతిమాలాలి.

ఫిబ్రవరి. థండర్ బే అంతా పైపులు పగిలిపోతున్నాయి.
ఉన్న ఇద్దరు ప్లంబర్లూ
వచ్చే గురువారం దాకా కుదరదన్నారు.
ఐదు రోజులు వంటింట్లో పళ్ళు తోముకుని
రౌనోకి ఫోన్ చేశాను.
విడాకులై తొమ్మిదేళ్ళు.
"ఎవరు పోయారు?" అన్నాడు.
"ఎవరూ కాదు. సింకు."

వచ్చాడు. మంచు దులుపుకుని
గుమ్మంలో బూట్లు విప్పి పక్కపక్కన పెట్టాడు.
మా కాపురంలో అవి ఏనాడూ జంటగా నిలబడి ఎరగవు.

మోకాళ్ళ మీద కూలబడి, టేపు లాగి,
గోడకేసి చాలాసేపు చూశాడు.
"ఎవడు పెట్టాడిది ఇంత ఎత్తున?"
నేను మాట్లాడలేదు.
టార్చి కొంచెం జరిపాను.

గోడ పలక కోసి తీస్తే
లోపల నిలువు చెక్క మీద
వడ్రంగి పెన్సిల్‌తో ఒక బాణం గుర్తు.
పక్కన అతని రాతే,
సగం ఫిన్నిష్, సగం అక్షర దోషాలు:
'హిల్యా ఇంకా కిందికి అంటోంది. ఇది చాలు.'

ఇరవై ఆరేళ్ళు గోడలో నిలవున్న మాట.
అతను చదివాడు. నేనూ చదివాను.
తర్వాత రంపం అందించమన్నాడు.

నల్ల గొట్టం ముక్కలు, జిగురు ఘాటు,
జిగురు పెట్టకముందే అతికి చూడటం,
తీసి మళ్ళీ కోయడం.
అడుగుకి పావంగుళం వాలు, అన్నాడు.
వంపులో గుక్కెడు నీళ్ళు ఎప్పుడూ నిలవుండాలి,
లేకపోతే ఊరి మురుగు వాసనంతా
నీ పళ్ళపొడి దగ్గరికొస్తుంది, అన్నాడు.
అతనలా చెబుతుంటే
అందులో నాకేదో పాఠం ఉందేమోనని
ఒక్క క్షణం అనుమానమొచ్చింది.
లేదు. అది గొట్టం.

మధ్య సొరుగు వెనక్కి పోలేదు.
దాని వీపు గుర్రపు లాడంలా కోశాడు.
నిండా నీళ్ళు పట్టి మూత లాగాం.
కింద పరిచిన కాగితం మీద
మూడో నట్టు దగ్గర ఒక్క చుక్క.
"ఎక్కువ బిగించకు," అన్నాను.
"తెలుసు," అన్నాడు. పావు చుట్టు తిప్పాడు.
మళ్ళీ నీళ్ళు. మళ్ళీ కాగితం.
ఇద్దరం తలలు వంచి, ఊపిరి బిగబట్టి
ఒక పొడి కాగితాన్ని అలా చూస్తూ కూర్చున్నాం,
పురిటి గది బయట కూర్చున్నట్టు.

గోడ మూసేముందు పెన్సిల్ అడిగాడు.
ఇచ్చి, కాఫీ పెట్టడానికి వెళ్ళాను.
యాలకుల రొట్టె వేడి చేశాను.
తిరిగొచ్చేసరికి పలక బిగించేసి
చేతులు కడుక్కుంటున్నాడు, కొత్త బేసిన్‌లో.
ఏం రాశావని నేనడగలేదు.
ఎవరో ఒకరు, ఎప్పుడో,
కొలవకుండా ఇంకో పెట్టె కొంటారులే.

సొరుగు మాత్రం ఇప్పటికీ
చివరి అరంగుళం దగ్గర పట్టేస్తుంది.
సబ్బు రాస్తే కొన్నాళ్ళు బాగానే ఉంటుంది.