హెచ్చవేత లేని రాత్రి

రువీలో లాండ్రీ కొట్టు పైన, మూడో అంతస్తు గదిలో
నాలుగు మంచాల నడుమ కాగితం పరిచాను.
జబల్ షమ్స్. గురువారం రాత్రి పోవడం, శుక్రవారం రావడం.
తలకు నాలుగు రియాళ్లు. అంతకు మించితే
పడుకుని ఫోన్లు చూసుకుందాం, ఎప్పట్లాగే.

గుడారం పన్నెండట, సూక్‌లో అడిగొచ్చాడు తాతారావు. కొట్టేశాను.
నిద్రసంచీ ఒక్కోటి ఆరు. కొట్టేశాను.
మడతకుర్చీల దగ్గరికి పెన్ను చేరకముందే నవ్వేశారు.
కొండెక్కే పెద్దబండి అద్దె పాతిక:
తారురోడ్డు ఎక్కడ అయిపోతే అక్కడ దిగి నడుద్దాం అనుకున్నాం.
మస్తాన్‌వలికి తెలిసిన పాత కరోలా ఐదుకి వస్తుంది,
ఎడమవైపు అద్దం దిగదు.
దిగని అద్దానికి అర రియాల్ తగ్గించాం.
పెట్రోలుకు ఎనిమిదీ నాలుగొందల బైసలు.
మిగిలిన మూడూ చిల్లరలో తిండి, నిప్పు, సరదా.

ఒక షరతు కూడా రాశాం, కింద గీత గీసి:
ఆ రాత్రికి రియాల్‌ను రూపాయల్లోకి ఎవడూ హెచ్చవేయకూడదు.
తప్పితే వంద బైసల జరిమానా.

ఓదెలు పై మంచం మీంచి, గోడవైపే తిరిగి అన్నాడు:
"పైసలిచ్చి నేల మీద పండుడేందిరా!
నా పుట్టుకంత పండింది గాడనే గద."
మర్నాడు డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పకుండానే
కాగితం చదవమన్నాడు. చివరిదాకా విన్నాడు.
"నీళ్లేవి ఇందుల?"
అందరం మరిచిపోయాం, నీళ్లు.

గొర్లెంబడి గోదారి దాటి నాలుగు నెలలు నడిచినవాడు
చెబుతుంటే రాసుకున్నాం:
రొట్టెలు, ఉల్లిగడ్డలు, ఎండుమిర్చి కారం. కాచేది చాయ్ ఒక్కటే.
బరువు వెన్నుకు ఆనాలె, భుజానికి గాదు.
ఉప్పు మూడు చోట్ల దాయాలె.
"మోసుడు నేర్వాలె గని కొనుడు గాదు."
గుడారానికి సిమెంటు బస్తాల మీది టార్పాలిన్,
స్టోర్లో 'పనికిరాదు' అని నేనే సంతకం పెట్టినది.
ఆఖర్న పెట్టె అడుగు నుంచి తన గొంగడి తీశాడు.
పదకొండేళ్లు. దానికి తగిన చలి
ఈ దేశంలో ఉందని అతనికెవరూ చెప్పలేదు.

కొండ మీద చలి నిజంగానే ఉంది.
పళ్లు టకటకలాడుతుంటే మస్తాన్‌వలికి సంబరం:
"ఏసీ కాదప్పా ఇది, రిమోటు ఎవుని చేతిలోనూ లేదు!"
టార్పాలిన్ మూల ఒకటి రాత్రంతా కొట్టుకుంది.
తాతారావు లోయ అంచున చాలాసేపు కూర్చుని
"ఈ స్థలం మన డబ్బుల్లో..." అన్నాడు.
వంద బైసలు కక్కించాం.

తెల్లవారుజామున మేకలొచ్చి పడ్డాయి రొట్టెల మీద.
మేం రాళ్లు వెతుక్కునేలోపు ఓదెలు
నాలుక అంగిటికి తాటించి ఒక కూత వేశాడు,
రువీ గదిలో మేమెన్నడూ వినని గొంతు.
మేకలన్నీ ఆగాయి. ఆ కూత తెలిసినట్టే చెవులు నిక్కించాయి.
వాటి వెనకొచ్చిన ముసలాయన కూడా ఆగాడు.
దగ్గరికొచ్చి గొంగడి కొస రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు,
తన భుజం మీది నేత తీసి చేతికిచ్చాడు.
ఓదెలు అంచు తిరగేసి, ముడి చూసి, తలూపాడు.
ఇద్దరికీ ఒక్క మాటా కలవలేదు.
పోతూ పోతూ ఆయన మా అగ్గి పక్కన గుప్పెడు ఖర్జూరాలు పెట్టాడు.
ఏ వరుసలో రాయాలో తెలియక నేను రాయలేదు.

ఆరొందల నలభై బైసలు మిగిలాయి.
పంచితే తలా నూట అరవై. ఎవరూ చెయ్యి చాపలేదు.
హార్లిక్స్ సీసాలో వేసి మూత బిగించాడు తాతారావు.
శనివారం షిఫ్టుకు పోతూ చూశాను:
ఓదెలు మంచానికి వేలాడుతోంది గొంగడి, ఉతకలేదు.
గదంతా పొగవాసన.
లాండ్రీవాడు మెట్లెక్కి వచ్చి అడిగాడు,
ఏం తగలబడిందని.