గంటా అయిదు నిమిషాలు

గుంటూరు నుంచి గన్నవరం
యాభై అయిదు కిలోమీటర్లు, రెండు గంటలు.
గన్నవరం నుంచి కడప
గంటా అయిదు నిమిషాలు.
ఈ లెక్క ఆడిటరమ్మకే తెగలేదు.

కాజ టోల్‌గేటు దగ్గర ఫైలు తెరిచింది,
బెంజి సర్కిల్లో మూసేసింది,
ఎనికేపాడులో వాచీ చూసుకుంటూ
"మస్తానూ, నువ్వెప్పుడైనా ఎక్కావా విమానం?" అంది.
లేదమ్మా. దించడమే.

దించేసి, టీ తాగి,
వెనక టైరుకి గాలి కొట్టించి
తిరుగుదారి పట్టాను.
వారధి మీద సిమెంటు లారీ అడ్డంగా ఆగిపోయింది.
అప్పుడు ఫోను:
"కడపలో దిగాను. నా కళ్ళజోడు..."

వెనక సీట్లోనే ఉంది,
ఎండకి కాగి.
మనిషి నల్లమల దాటేసింది,
చూపింకా కృష్ణ దాటలేదు.

ముందు లారీ, వెనక హారన్లు.
ఊరికే పెట్టుకుని చూశాను.
తాడేపల్లి కొండ చెరిగిపోయింది,
ఇసకా నీళ్ళూ ఒకటే మసక.
మీటరు అంకెలు మాత్రం ఇంతింత లావున:
రెండు లక్షల ఎనభై ఒక్క వేలు,
అన్నీ నేలమీదే.

తీసి, చొక్కా అంచుతో తుడిచి
ఆవిడకి ఫోన్ చేశాను.
"రాత్రి కడప బస్సులో వేస్తానమ్మా,
తెల్లారేసరికి అందుతుంది.
డ్రైవరు మనవాడే."